ఇంకిపోయిన నీటి లెక్క మన పిల్లలకు ఎవరు నేర్పాలి?

రాత్రి నిద్రకు ముందు సూరా ముల్క్ చదువుకోవడం మన ఇళ్ళలో చాలామందికి అలవాటు. మక్తబ్‌కు వెళ్ళే పదేళ్ళ పిల్లలు సైతం దాన్ని కంఠస్థం చేసి గడగడా అప్పజెబుతారు. ఆ సూరాలోని ముప్పయ్యవ ఆయత్, అంటే చిట్టచివరిది, నీటికి సంబంధించినది. భూమిలోకి ఇంకిపోయే నీటిని గురించి అది మనిషిని నిలదీస్తుంది. ఆ ప్రశ్నతోనే సూరా ముగుస్తుంది.

అనంతపురం సీమలో పుట్టిన బిడ్డకు ఇది ఎక్కడో ఎడారి సంగతి కాదు. తన ఇంటి పక్కనున్న బోరు సంగతి. ఆ బోరు ఎన్ని అడుగుల లోతు, ఇప్పుడు నీళ్ళు ఎన్ని అడుగుల్లో ఉన్నాయి, ఆ నీళ్ళలో కలిసి ఉన్నదేమిటి అని అడిగి చూడండి. బిడ్డకే కాదు, తండ్రికీ చాలాసార్లు తెలియదు. ఆయత్ నోటికి వచ్చిన బిడ్డకు ఆ నీటి లెక్క నేర్పవలసిన బాధ్యత ఎవరిది? బడిదేనని ఊరుకుందామా? బడితోపాటు ఇల్లు, మక్తబ్, మస్జిద్ కూడా ఈ పనికి పూనుకోవాలన్నదే మా మాట.

మన వాన, మన రాయి

2022లో అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విడిపోయిన ఉమ్మడి జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్లు. దేశంలో అతి తక్కువ వాన కురిసే ప్రాంతాలలో ఇదొకటి. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీద కురిసి, ఇక్కడికి చేరేసరికి వట్టిపోతాయి. పడిన ఆ కాస్త వాన కూడా ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే, కొన్ని రోజుల్లోనే పడిపోతుంది.

మన కాళ్ళ కింద ఉన్నది గట్టి నల్లరాయి. దాని మీది పొర కొంత మెత్తబడి, వానను పీల్చుకుంటుంది. ఇంకా కిందికి పోతే రాతి పగుళ్ళలో మాత్రమే నీళ్ళు దొరుకుతాయి. కాబట్టి ఎంత లోతు తవ్వితే అన్ని నీళ్ళు అనే లెక్క ఇక్కడ చెల్లదు. పగులు తగిలితే నీళ్ళు, తగలకపోతే దుమ్ము. ఈ చిన్న నిజం తెలియక అప్పులు చేసి బోరు వెనుక బోరు వేసి కుదేలైన కుటుంబాలు మన చుట్టూ ఎన్ని లేవు?

పాతకాలం వాళ్ళకు ఈ నేల గుణం తెలుసు. అందుకే కిందికి తవ్వడం కన్నా పైన నిలపడం మీదే దృష్టి పెట్టారు. అనంతపురానికి ఆ పేరు అనంతసాగరమనే చెరువు వల్లనే వచ్చిందంటారు. పొరుగున కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు దాని మీద చెక్కించారు. నీటి పాఠాన్ని రాతి మీద రాయించిన నేల మనది.

రైతులు కూర్చున్న నీటి బడి

నీటి పాఠం పెద్దలకే తలకెక్కదు, పిల్లలకేం ఎక్కుతుందని అనేవారికి ఒక నిజమైన ఉదాహరణ చెబుతాం. 2003లో అనంతపురంతో సహా ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో రైతుల చేతనే భూగర్భజలాన్ని కొలిపించే ఒక పథకం మొదలైంది. నెదర్లాండ్స్ ధనసహాయంతో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అండతో, స్వచ్ఛంద సంస్థలు దాన్ని నడిపాయి. ఆరువందలకు పైగా పల్లెల్లో ఆడా మగా రైతులు ఊరి వానను తామే కొలిచారు. బావుల్లో, బోర్లలో నీటి మట్టం ఎంతుందో 15 రోజులకొకసారి చూశారు. డ్రమ్ము, గడియారం పెట్టుకుని బోరు ఎంత పోస్తున్నదో లెక్కకట్టారు. ఆ అంకెలన్నీ ఊళ్ళో అందరికీ కనిపించేలా రాశారు.

రబీ పంటకు ముందు ఊరంతా కూర్చుని బడ్జెట్ వేసేవారు. డబ్బు బడ్జెట్ కాదు, నీటి బడ్జెట్. ఈ ఏడు భూమిలోకి చేరింది ఇంత, మనం వేయదలచిన పంటలకు కావలసింది ఇంత, తరుగు ఇంత. ఫలానా పంట వేయవద్దని ఎవరూ ఆజ్ఞాపించలేదు. బోర్లకు తాళం వేస్తామని ఎవరూ బెదిరించలేదు. అయినా లెక్క కళ్ళెదుట కనబడ్డాక చాలాచోట్ల రైతులు తమంతట తామే వరి తగ్గించి, తక్కువ నీటితో పండే పంటలకు మళ్ళారు. అక్షరం రాని రైతు కూడా నేర్చిన ఈ విద్య మన పిల్లలకు కష్టమవుతుందా?

మొదటి పాఠం: మిద్దె మీది వాన

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది సరిగ్గా ఒక లీటరు. ఈ ఒక్క సూత్రం చాలు. నలభై చదరపు మీటర్ల చిన్న మిద్దె మీద ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే 22,000 లీటర్లు. ఆవిరికీ, కడుగుడుకూ అయిదో వంతు పోయినా 17,600 లీటర్లు మిగులుతాయి. అయిదుగురున్న ఇంట్లో తాగడానికీ వంటకూ మనిషికి రోజుకు 5 లీటర్ల చొప్పున 25 లీటర్లు వాడితే, అవి 704 రోజులకు వస్తాయి. అంటే దాదాపు రెండేళ్ళు!

అంత నీరు నిలపడానికి అంత తొట్టి కావాలి, మొదటి వానను బయటికి వదిలేయాలి, మిద్దెను శుభ్రంగా ఉంచాలి. ఇవన్నీ నిజమే. అయినా ఈ లెక్క స్వయంగా కట్టిన పిల్లవాడు ఇకమీదట వానను చూసే చూపే వేరుగా ఉంటుంది.

రెండో పాఠం: వుజూ నీళ్ళు

దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ చేసేవారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ముద్ అంటే రెండు చేతులూ చేర్చిన నిండు దోసిలి కొలత. ఫిఖ్హ్ పండితుల లెక్కల్లో తేడాలున్నా అది ముప్పావు లీటరుకు కాస్త అటూ ఇటూ, ఎంత ఎక్కువ చెప్పినా లీటరు దగ్గర.

ఇప్పుడు పిల్లల చేతికి ఒక బకెట్ ఇచ్చి మస్జిద్ కుళాయి కింద పెట్టమనండి. పూర్తిగా తిప్పిన కుళాయి నిమిషానికి 6 లీటర్లు పోస్తుందనుకుందాం. వుజూకు రెండు నిమిషాలు పడితే 12 లీటర్లు. అయిదు పూటలకు 60 లీటర్లు. పూటకు లీటరు చొప్పున చాలవలసింది 5 లీటర్లే. తేడా 55 లీటర్లు.

ఈ 55 అంకెను పిల్లలు మరిచిపోకూడదు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ పల్లెలో ఒక మనిషికి రోజు మొత్తానికీ ఇవ్వాలని పెట్టుకున్న కొలత అదే. స్నానం, వంట, బట్టలు, తాగుడు అన్నీ కలిపి! కుళాయి కట్టకుండా వదిలేసిన ఒక్క నమాజీ, మరొకరి రోజంతటి నీటిని కాలువలో కలుపుతున్నాడన్నమాట. దీనికి ఉపన్యాసం అక్కరలేదు. బకెట్ చాలు.

మూడో పాఠం: కంటికి కనబడని విషం

నీళ్ళు తెల్లగా, తియ్యగా ఉంటే మంచివేనని మన పెద్దల నమ్మకం. మన సీమలో ఆ నమ్మకం ఎందరి పళ్ళనో, ఎముకలనో పాడుచేసింది. రాతి పొరల నుంచి నీటిలో కలిసే ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రమాణం. దాటిన నీళ్ళు తాగిన పసివాళ్ళ పళ్ళ మీద గారలు, మచ్చలు పడతాయి. ఏళ్ళ తరబడి తాగితే నడుము, మోకాళ్ళు బిగుసుకుపోతాయి. అలా ఒకసారి బిగిసిన ఎముకను తిరిగి మామూలు చేసే మందు లేదు. మరగకాచినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ చిక్కనవుతుంది. ఈ సంగతి మన అమ్మలకు తప్పక తెలియాలి.

ఇది కొత్త జబ్బు కాదు. తర్వాత ప్రకాశం జిల్లాలో చేరిన పల్లెల్లో ఈ రోగాన్ని 1937లోనే వైద్యులు గుర్తించి రాశారు. అనంతపురం సీమ పల్లెలకు దూరపు జలాశయాల నీటిని గొట్టాల ద్వారా తెచ్చిన సత్యసాయి మంచినీటి పథకం 1990ల నడుమ వచ్చింది. 2012లో శ్రీశైలం వెనుక నీరు హంద్రీ-నీవా కాలువ మీదుగా జీడిపల్లి జలాశయానికి చేరింది. ఇవన్నీ మేలు చేసినవే. కానీ గొట్టం రాని పూట, కరెంటు లేని పూట ఇంటికి వచ్చేది మళ్ళీ బోరు నీళ్ళే. అందుకే బోరు నీటిని పరీక్షించుకోవడం మానకూడదు.

బంగ్లాదేశ్ సోదరుల అనుభవం చూడండి. చెరువు నీటి క్రిముల నుంచి పిల్లలను కాపాడాలని 1970ల నుంచి అక్కడ లక్షలాది బోరుపంపులు వేశారు. 1990లలో చూస్తే ఆ నీళ్ళలో ఆర్సెనిక్ విషం! అప్పుడు పంపులను పరీక్షించి, చెడ్డవాటికి ఎర్ర రంగు, మంచివాటికి పచ్చ రంగు వేశారు. చదువు రాని వారికి కూడా అది అర్థమైంది. మన పల్లెల్లోనూ నీటి పరీక్ష పెట్టెల వాడకం ఊరికి అయిదుగురు మహిళలకు నేర్పాలని జల్ జీవన్ మిషన్‌లో ఉంది. ఆ పెట్టె మీ ఊళ్ళో ఎవరి దగ్గరుందో పిల్లలను కనుక్కోమనండి. లేకపోతే ఒక సీసా నీళ్ళు గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు పంపించండి.

ఊరి కుండలో ప్రపంచం

ఈ మూడు పాఠాలు వచ్చిన పిల్లలకు ప్రపంచం సంగతి చెప్పడం తేలిక. 2022లో ఇంటి దగ్గర భద్రమైన తాగునీరు లేనివారు ప్రపంచంలో 220 కోట్ల మందని ఐక్యరాజ్యసమితి సంస్థలు లెక్కకట్టాయి. ఇంట్లో నీటి వసతి లేని ప్రతి పది కుటుంబాలలో ఏడింట నీళ్ళు మోసేది ఆడవాళ్ళే. 2018లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరంలో ధనికుడికైనా పేదకైనా రోజుకు 50 లీటర్లే అని కట్టడి చేశారు. బిందె పట్టుకుని వరుసలో నిలబడ్డ మన చెల్లికి ఇవేవీ పరాయి కథలు కావు.

శుభ్రమైన నీరు మనిషి హక్కు అని 2010 జూలై 28న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానించింది. మనకది కొత్త మాటా? మదీనాలో వెల కట్టి అమ్మే రూమా బావిని హజ్రత్ ఉస్మాన్ (రజి) కొని అందరికీ ఉచితం చేసిన సంగతి మన పిల్లలు వింటూనే ఉన్నారు. నీళ్ళు అందకుండా అడ్డుపడడం ఎంతటి దుర్మార్గమో కర్బలా కథ విన్నవారికి వేరే చెప్పాలా? ఇరవై లీటర్ల క్యాను కొనగలిగిన ఇంటికి మంచి నీరు, కొనలేని ఇంటికి బోరు నీరు అన్న పరిస్థితిని ఆ చరిత్ర విన్న బిడ్డ ప్రశ్నించాలి. పంచాయతీ సభలో అంకెలు చేతబట్టుకుని ప్రశ్నించాలి.

సోదర సోదరీమణులారా! దీనికి పెద్ద ఖర్చు లేదు. మస్జిద్ వుజూఖానా పక్కన ఒక నల్లబల్ల తగిలించండి. ప్రతి పదిహేను రోజులకు జుమా నాడు మక్తబ్ పిల్లల చేతనే దాని మీద మూడు అంకెలు రాయించండి. బోరులో నీటి మట్టం ఎన్ని అడుగులు, ఈ పక్షం వాన ఎన్ని మిల్లీమీటర్లు, మస్జిద్ తొట్టి ఎన్నిసార్లు నింపారు. ఫ్లోరైడ్ పరీక్ష ఫలితం వచ్చిన రోజు దాన్ని కూడా కింద రాయించండి. నమాజుకు వచ్చిన పెద్దలు ఆ అంకెలు చదివి కుళాయి కట్టేస్తారు. ఏడాది తిరిగేసరికి మీ ఊరి నీటి చరిత్ర మీ పిల్లల చేతిరాతతో మీ దగ్గర ఉంటుంది.