దగ్గర అంటె ఎవలికి దగ్గర? విశాఖల రూం ఎతికెటోళ్ళకు నా అనుభవం

మాది చందుర్తి. మా దిక్కు నీళ్ళంటె చెరువు, బాయి, ఇంక పెద్దగ చెప్పాల్నంటె మిడ్ మానేరు. గసొంటి ఊర్లె పుట్టిన మా బిడ్డకు సముద్రం సదువు మీద మనసు వడ్డది. విశాఖపట్నంల ఆంధ్రా యూనివర్సిటీల వాతావరణం గురించి, సముద్రం గురించి చెప్పే డిపార్ట్‌మెంట్ ఒకటి ఉన్నది. పోయినేడు అక్కడికెల్లి పిలుపొచ్చింది. మంగళారం పొద్దుగాల తొమ్మిది గంటలకు ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకొని క్యాంపస్‌ల ఉండాలె.

టికెట్ నేనే చేసిన, రూం గూడ నేనే చూసిన. ఫోన్ల "యూనివర్సిటీ దగ్గర, బీచ్ ఎదురుంగ, తొమ్మిది వందలు" అని ఒక హోటల్ కనవడ్డది. ఫొటోల కిటికీలకెల్లి నీలంగ సముద్రం. బిడ్డ సంబురపడ్డది. నేను ఎనుకముందు చూడకుంట పైసలు కట్టిన.

స్టేషన్ల దిగి ఆటో ఆయనకు అడ్రస్ చూపిత్తె నవ్విండు. "ఏటండీ, మీరు చెప్పింది ఆంధ్రా యూనివర్సిటీ కదండీ. ఇది రుషికొండండీ, గీతం దగ్గర. అక్కడికీ ఇక్కడికీ చాలా దూరమండీ" అన్నడు.

ఫోన్ల రాసింది అబద్ధం కాదు. ఆ హోటల్ యూనివర్సిటీ దగ్గర్నే ఉన్నది. అది మా యూనివర్సిటీ కాదు, గంతే. ఆటోల కూసున్నంక బిడ్డ మెల్లగ అడిగింది: "బాపూ, దగ్గర అంటె ఎవలికి దగ్గర?"

నేను పన్నెండేండ్లు దుబాయిల ఒక్క రూంల ఎనిమిది మందితోని పన్నోన్ని. నాకు మెత్తటి పరుపు, గోడకు టీవీ అక్కెర లేదు. గని రూం ఎందుకు తీసుకుంటున్నమో ఎరుక లేకుంట తీసుకుంటె ఎన్ని తిప్పలు పడాల్నో ఆ రెండు దినాలల్ల ఎరుకైంది. మన సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల దిక్కు పిల్లలు గిప్పుడు సదువులకు, పరీక్షలకు దూరం దూరం పోతున్నరు. వాళ్ళకు, వాళ్ళను తోల్కపోయే అవ్వబాపులకు అక్కెరకస్తదని ఇది రాస్తున్న.

ముందుగాల ఏ యూనివర్సిటీనో చూసుకోవాలె

విశాఖ అంటె ఒక్కటే యూనివర్సిటీ అనుకోవద్దు. ఆంధ్రా యూనివర్సిటీని 1926ల పెట్టిండ్రు. మొదలు బెజవాడల ఉండె, 1930ల వాల్తేరు గుట్టల మీదికి వచ్చింది. అది ఊరి నడుమనే ఉన్నది. గీతం 1980ల ఇంజినీరింగ్ కాలేజిగ మొదలైంది, అది ఊరి అవుతల రుషికొండ కాడ ఉన్నది. లా సదివెటోళ్ళ దామోదరం సంజీవయ్య యూనివర్సిటీ సబ్బవరం దిక్కు ఉన్నది, ఆడికెల్లి సముద్రమే కనవడది. ఈ మూడిటికి మూడు తోవలు. ఫోన్ల "విశాఖ యూనివర్సిటీ" అని కొడితె అన్నిటి పక్కపొంటి ఉన్న హోటళ్ళు ఒక్కతాన కుప్పవోసి చూపిస్తది.

యూనివర్సిటీ తేలినంక గేటు తేలాలె. ఆంధ్రా యూనివర్సిటీ క్యాంపస్ నాలుగు వందల ఎకరాలకు పైననే ఉంటది. దాన్ని సౌత్ క్యాంపస్, నార్త్ క్యాంపస్ అంటరు. ఇంజినీరింగ్ కాలేజి నార్త్ దిక్కున్నది. ఒక గేటు కాడ దిగి ఇంకో దిక్కు ఉన్న బిల్డింగుకు నడిస్తె గుట్ట ఎక్కుడు దిగుడు అయితది, ఆ ఉక్కపోతల అంగి తడిసి ముద్దయితది. అందుకే పిలుపు కాయితం మీద డిపార్ట్‌మెంట్ పేరు చూసి, దాన్ని మ్యాపుల పెట్టి, ఆడికెల్లి రూం దాంక నడిచే తోవ ఎంతున్నదో చూడాలె. హోటలోళ్ళు రాసిన కిలోమీటర్లు నమ్మద్దు. కొందరు తోవ దూరం కాకుంట కాకి ఎగిరే దూరం రాస్తరు.

ఏ గల్లీల ఏముంటది

ఆంధ్రా యూనివర్సిటీల పని ఉన్నోళ్ళు నాలుగు జాగలు చూసుకుంటె సరిపోతది. చిన్న వాల్తేరు, పెద్ద వాల్తేరు క్యాంపస్‌కు ఆనుకోని ఉంటయి. సిరిపురం దగ్గరనే గని అది పైసలున్నోళ్ళ జాగ, కిరాయి జర ఎక్కువ. మద్దిలపాలెం హైవే మీద ఉంటది, బస్సులు మస్తు, చప్పుడు గూడ మస్తు. ఆర్టీసీ కాంప్లెక్స్, ఆసీల్‌మెట్ట దిక్కు చిన్న లాడ్జిలు దొరుకుతయి. ఆడికెల్లి క్యాంపస్‌కు సిటీ బస్సు గాని షేర్ ఆటో గాని దొరుకుతది, పొద్దుగాల పరేషాన్ ఉండది.

రైల్వే స్టేషన్ ముంగటి లాడ్జిలు అగ్గువ. ఒక్క రాత్రి పండుకోని రైలెక్కెటోళ్ళకు మంచియే. పొద్దుగాల పరీక్ష ఉన్నోళ్ళు మాత్రం ఊరిలోపలికి రావాలె.

బీచ్ రోడ్డు మీద రూం అంటె అందరికి ఆశ. ఆర్కే బీచ్ ఎదురుంగ ఉన్న హోటళ్ళు సముద్రానికి గూడ కిరాయి కట్టిచ్చుకుంటయి. అండ్ల తప్పు లేదు, వాళ్ళ యాపారం వాళ్ళది. గని సముద్రానికి టికెట్ లేదు. చిన్న వాల్తేరుల రూం తీసుకోని పొద్దుమీకి నడుచుకుంట పోయినా అదే సముద్రం, అదే గాలి.

గీతంల పని ఉన్నోళ్ళకు లెక్క ఉల్టా అయితది. వాళ్ళు రుషికొండ, ఎండాడ దిక్కే చూడాలె. స్టేషన్ కాడ అగ్గువకు దొరికిందని దిగితె నాకైన గతే వాళ్ళకయితది.

అగ్గువ రూం లెక్క

నా లెక్క చెప్త, మీరే చూడుండ్రి. రూం తొమ్మిది వందలు. స్టేషన్ కెల్లి ఆటోకు నాలుగు వందలు. మేం పోయిన రైలు గోదావరి ఎక్స్‌ప్రెస్. రాత్రి వరంగల్‌ల ఎక్కితె ఏగిలివారంగ విశాఖల దించుతది. హోటల్ల రూం ఇచ్చేది మాత్రం పన్నెండింటికి. "ముందుగ కావాల్నంటె మూడు వందలు కట్టుండ్రి" అన్నరు, కట్టిన. తెల్లారి క్యాంపస్‌కు ఆటో మూడు వందలు. అంత కలిపితె పందొమ్మిది వందలు. అదే చిన్న వాల్తేరుల పదమూడు వందల రూం తీసుకుంటె, స్టేషన్ కెల్లి ఆటో నూటయాభై, తెల్లారి నడక. పద్నాలుగు వందల యాభైల ఒడిసిపోవు. నాలుగు వందలు మిగిలిచ్చిన అనుకోని నాలుగు వందల యాభై పోగొట్టుకున్న.

పైసలు పోతె పాయె. మంగళారం పొద్దుగాల ఏడున్నరకే తయారై రోడ్డు మీదికి వస్తె ఆ మలుపు కాడ ఒక్క ఆటో ఆగలే. దొరికే వరకు ఎనిమిదింబావు. తోవల ట్రాఫిక్. క్యాంపస్‌ల దిగినంక బిల్డింగు ఎతుక్కునుడు. బిడ్డ ఫైలు పట్టుకోని ఉరుకుతాంది, నేను బ్యాగులు మోసుకుంట ఎనుకంగ. పోయే వరకు తొమ్మిదీ నలభై. ఇంక పేర్లు పిలుస్తనే ఉన్నరు గనుక బతికినం. ఆ నలభై నిమిషాలల్ల మా బిడ్డ మొకం నేను మర్చిపోలే. డిగ్రీ మూడేండ్లు అది కష్టపడ్డది, నా తెలివితక్కువకు అది పోతుండె.

పైసలు కట్టేముందు ఫోన్ చేసి అడిగేటియి

మొదటిది, రూం ఎన్ని గంటలకు ఇస్తరు, ఎన్ని గంటలకు ఇడువాలె? కొన్ని లాడ్జిలల్ల ఇరువై నాలుగు గంటల లెక్క ఉంటది. పొద్దుగాల ఆరింటికి దిగితె తెల్లారి ఆరుదాంక మనదే. పెద్ద హోటళ్ళల్ల పన్నెండింటి లెక్క. రాత్రి రైలుల పోయెటోళ్ళకు ఇరువై నాలుగు గంటలదే లాభం. రెండు మూడు గంటలు తానం చేసి తయారయితె సాలంటె రైల్వే రిటైరింగ్ రూములు, డార్మిటరీలు ఉన్నయి. టికెట్ కన్ఫర్మ్ గాని ఆర్‌ఏసీ గాని అయితె ఆ పీఎన్‌ఆర్ నంబర్ తోని ఆన్‌లైన్ల తీసుకోవచ్చు.

రెండోది, పన్నులతోని కలిపి మొత్తం ఎంత? రోజుకు 7500 రూపాయల దాంక ఉన్న రూం మీద 2025 సెప్టెంబర్ 22 కెల్లి జీఎస్‌టీ 5 శాతమే. అంతకు ముందు 12 శాతం ఉండె. పదమూడు వందల రూంకు అరువై ఐదు రూపాయలు. ఎవలన్న ఇంక పన్నెండు శాతం అని బిల్లేస్తె నిమ్మళంగ అడుగుండ్రి.

మూడోది, రూం ఇడిచినంక బ్యాగులు పెట్టుకోనిస్తరా? వాపసు రైలు పొద్దుమీకి ఉంటది, రూం పగటీలికే ఖాళీ చెయ్యాలె. వాళ్ళు పెట్టుకోమంటె స్టేషన్ల క్లోక్ రూం ఉంటది. మా లెక్క బ్యాగులు మోసుకుంట ఆఫీసులల్లకు పోవద్దు.

నాలుగోది, ఆడివిల్ల ఒక్కతే వస్తె రూం ఇస్తరా? ఇది సిగ్గు లేకుంట ముందే అడగాలె. ఇస్తమని ఫోన్ల పైసలు కట్టిచ్చుకోని, రాత్రి పదింటికి కౌంటర్ కాడ లేదనే జాగలు ఉన్నయి. పద్దెనిమిదేండ్లు నిండని పిల్లలకు పెద్దోళ్ళు ఎంబడి లేకుంట ఎక్కువ తాన రూం ఇయ్యరు.

ఐదోది, రాకుంటె పైసలు వాపసు వస్తయా? అక్టోబర్, నవంబర్ల బంగాళాఖాతంల తుఫాన్లు లేస్తయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఆ ఊరిని ఎట్ల ఆగం చేసిందో అందరికి ఎరుకే. ఆ నెలలల్ల పోయేటట్టుంటె వాపసు రాని రూం వద్దు.

ఇగ దినాల ముచ్చట. ఎములాడల శివరాత్రికి అర్ర కిరాయి ఎట్ల పెరుగుతదో మనకు ఎవలు చెప్పద్దు. విశాఖల గూడ గట్లనే. డిసెంబర్, సంక్రాంతి, మూడు దినాల సెలవులు వచ్చినయంటె అరకు పోయెటోళ్ళు, బీచ్‌కు వచ్చెటోళ్ళు అందరు ఆడనే దిగుతరు. పిలుపు కాయితం వచ్చిన దినమే రూం చూడాలె. యూనివర్సిటీలకు సొంత గెస్ట్‌హౌజులు గూడ ఉంటయి. డిపార్ట్‌మెంటుకు ఫోన్ చేసి అడిగితె పోయేదేం లేదు.

తాళంచెయ్యి తీసుకునే ముందు

కౌంటర్ కాడ సంతకం పెట్టకముందే రూం చూపియ్యమను. దర్వాజకు లోపటి గొళ్ళెం సక్కగ పడుతదా చూడు. సముద్రం పక్కపొంటి ఊర్లె ఉప్పు గాలికి ఇనుము తొందరగ తుప్పు పడుతది, గొళ్ళెం, కిటికీ చువ్వలు, గీజర్ అన్ని పట్టి చూడాలె. గోడకు చెమ్మ వాసన వస్తె ఇంకో రూం అడుగు. మన దిక్కు ఎండ మస్తు గని పొడి ఎండ. ఆడ పెయ్యి ఎప్పుడు జిగట జిగటనే ఉంటది. కిటికీ లేని రూంల ఫ్యాన్ కింద పండుకుంటె నిద్ర రాదు, తెల్లారి పరీక్ష రాసుడు కష్టం. ఏసీ లేకున్న మంచిదే, గాలాడే కిటికీ ఉండాలె. మెట్లు ఎక్కడున్నయో గూడ ఒకపారి చూసి పెట్టుకో.

గుర్తింపు కార్డు అందరు అడుగుతరు, ఇయ్యాలె. ఆధారే కావాల్నని లేదు, ఓటరు కార్డు, లైసెన్స్ గూడ నడుస్తయి. జిరాక్స్ ఇచ్చేటప్పుడు దాని మీద తారీకు, "హోటల్ రూం కోసం" అని రాసి ఇయ్యి. సర్టిఫికెట్ల ఫైలు మాత్రం కౌంటర్ కాడ పెట్టద్దు. తినపోయినా చంకలనే ఉండాలె.

ఇగ మా ముచ్చట. బిడ్డకు సీటు వచ్చింది. హాస్టల్ దొరికే దాంక వారం దినాలు ఉండెటందుకు పక్కూరి దోస్తుతోని కలిసి పోయింది. ఈసారి నేను రూం చూడలే. అదే ఫోన్ చేసి, నోటుబుక్కుల రాసుకున్న ఐదు సవాళ్ళు ఒక్కొక్కటి అడుగుతాంటె నేను అరుగు మీద కూసోని ఇన్న. మూడు లాడ్జిలకు చేసి నాలుగోది ఖరారు చేసింది.

చేరినంక ఫోన్ చేసింది. రూం చిన్నగున్నదట, గొళ్ళెం గట్టిగున్నదట, డిపార్ట్‌మెంటుకు పదిహేను నిమిషాల నడకట. "సముద్రం కనవడుతాందా బిడ్డా?" అన్న.

"కిటికీల కెల్లి పక్కింటి గోడ కనవడుతాంది బాపూ" అన్నది. "సముద్రం కాడికి ఇప్పుడే నడుచుకుంట పోయొచ్చినం."