సోవియట్ రష్యాలో బధిర సమాజం

సోవియట్ ప్రభుత్వం బధిరులను ఆదరించిందా, అణచివేసిందా అన్న ప్రశ్న ఈ పాఠంలో తరచు ఎదురవుతుంది. రెండూ ఒకే సంస్థ చుట్టూ జరిగాయి కనుక, ఒక్క మాటలో జవాబు చెప్పడం కుదరదు.

1926లో అఖిల రష్యా బధిరుల సంఘం ఏర్పడింది. నాయకత్వం బధిరులదే. శ్రమించేవాడే పూర్తి పౌరుడన్న సోషలిస్టు సూత్రాన్ని వారు తమకు అనుకూలంగా మలచుకున్నారు: మాకు కావలసింది జాలి కాదు, పని అన్నారు. క్రమంగా సంఘానికి సొంత వర్క్‌షాపులు, క్లబ్బులు వచ్చాయి. పగలు యంత్రాల దగ్గర, సాయంత్రం క్లబ్బులో కలిసేవారి మధ్య సంజ్ఞాభాష వర్ధిల్లింది. బడిలో పరిస్థితి వేరు. అక్కడ ప్రధానంగా పెదవుల కదలికను బట్టి మాటను గ్రహించడం, నోటితో పలకడం నేర్పేవారు.

ఇలా ఒకచోట చేరడం కొన్నిసార్లు ప్రాణాంతకమైంది. 1937లో లెనిన్‌గ్రాడ్‌లో రహస్య పోలీసులు 50 మందికి పైగా బధిరులను జర్మన్ గూఢచారులంటూ నిర్బంధించారు. వారిలో 30 మందికి పైగా కాల్చి చంపారు. అరెస్టయినవారిలో సంఘం స్థానిక నాయకులూ ఉన్నారు.

1950లో స్టాలిన్ భాషాశాస్త్రంపై రాస్తూ, సంజ్ఞాభాష అసలు భాషే కాదన్నాడు. నాయకుడి మాటే శాస్త్రంగా చెలామణి అయిన కాలమది! అయినా క్లబ్బుల్లో సంజ్ఞలు ఆగలేదు. 1960లలో మాస్కోలో బధిర నటుల వృత్తి నాటకశాల కూడా వెలిసింది. సంఘం కార్యక్రమాలకు డబ్బు ఎక్కువగా దాని కర్మాగారాల నుంచే వచ్చేది. 1991 తరువాత మార్కెట్ పోటీలో ఆ కర్మాగారాలు దెబ్బతినడంతో క్లబ్బుల ఆదరువు సన్నగిల్లింది.