నైజీరియా పులి: డిక్ టైగర్

గృహిణులు చదువు పత్రికలో ముష్టియుద్ధమున కేమి పని యని సోదరీమణులు మమ్ము ప్రశ్నింపవచ్చును. పిడికిటిపోట్లను వర్ణించుట మా యభిమతము కాదు. కలిమిలేములు రెండింటిని చవిచూచిన యొక సంసారి చరిత్రను చెప్పబూనితిమి.

నైజీరియా దేశపు తూర్పుభాగమున అమైగ్బో యను నూర 1929వ సంవత్సరమున రిచర్డ్ ఇహెటు జన్మించెను. ఇతడు ఇగ్బో జాతివాడు. ఆబా పట్టణమున చిన్న బేరములు చేసికొనుచు ముష్టియుద్ధము నభ్యసించెను. లోకమున కితడు డిక్ టైగర్, అనగా పులి, యను పేరనే తెలియును.

1955లో ఇతడు ఇంగ్లండునందలి లివర్‌పూలు నగరమునకు బోయెను. అచట తొలి నాలుగు పందెములందును ఓడెను. అయినను పట్టు విడువక 1958లో బ్రిటిషు సామ్రాజ్యపు మిడిల్‌వెయిట్ బిరుదమును, 1962లో అమెరికాయందు జీన్ ఫుల్మరు నోడించి ప్రపంచ బిరుదమును గడించెను. 1963 ఆగస్టులో ఆ ఫుల్మరే ఇబాదాను నగరమునకు వచ్చి, ఏడు రౌండ్లు ముగియునప్పటికి పోరు విరమించెను. నైజీరియా గడ్డపై ప్రపంచ బిరుదమునకై జరిగిన మొదటి పందెమదియే. ఆ యేడే బిరుదము చేజారగా 1965లో మరల గెలిచెను. 1966లో దానిని కోల్పోయి, ఆ సంవత్సరాంతముననే అంతకు పైతరగతి యగు లైట్ హెవీవెయిట్ బిరుదమును బడసెను.

1967లో ఇగ్బోల ప్రాంతము బయాఫ్రా యను పేర వేరుపడగా ఘోరయుద్ధము చెలరేగెను. ఆకలిచే లెక్కకు మిక్కిలిగా పసిపిల్లలు ప్రాణములు విడిచిరి. టైగరు తనవారి సేనలో చేరి సైనికులకు వ్యాయామము నేర్పెను. 1968లో బాబ్ ఫాస్టరుచే నోడి బిరుదమును పోగొట్టుకొనెను. నైజీరియా ప్రభుత్వమునకు బ్రిటను ఆయుధము లిచ్చుచున్నదని, తనకు ఆ దేశ మొసగిన పతకమును 1969లో త్రిప్పి పంపెను.

1970లో బయాఫ్రా లొంగిపోయెను. పందెముల సొమ్ముతో స్వదేశమున కొన్న యాస్తులు యుద్ధమున బోగా, ఆలుబిడ్డల పోషణకై న్యూయార్కునందలి మెట్రోపాలిటన్ మ్యూజియమున కావలికాడుగా కుదిరెను. దీనిని పతనమందురు కొందరు, మేమట్లు తలపము. కాయకష్టముతో నిల్లు నడుపుట యే బిరుదమునకును తీసిపోదు.

కాలేయమున పుట్టకురుపు సోకగా ఇతడు ఆబాకు మరలివచ్చి, 1971 డిసెంబరు 14వ తేదీన, నలువదిరెండవ యేట కన్నుమూసెను.

తల్లులారా, బిడ్డల కీ కథ చెప్పునపుడు ఆ నాలుగు ఓటములను మొదట చెప్పుడు. గెలుపులను పిదప చెప్పవచ్చును.