కొసకు చేరిన సూదిబెజ్జం

చేతి సూదికి బెజ్జం వెనక కొసలో ఉంటుంది, మిషను సూదికి మొన దగ్గర ఉంటుంది. బెజ్జం ఈ కొస నుంచి ఆ కొసకు చేరి పనికొచ్చే మిషను రూపుకట్టేసరికి దాదాపు వందేళ్ళు పట్టింది. చేత్తో కుట్టేటప్పుడు సూది పూర్తిగా గుడ్డలోంచి దూరి అవతలికి పోవాలి, దాని వెంట దారమంతా పోవాలి, మళ్ళీ అదే సూది ఇవతలికి రావాలి. మనిషికి ఇది కష్టం కాదు. వేళ్ళు సూదిని ఒక పక్క వదిలేసి ఇంకో పక్క అందుకుంటాయి. ఇనుముకు మాత్రం ఆ వదిలి అందుకోవడమే చేతకాదు. తొలినాటి ప్రయత్నాల్లో చాలా వరకు దర్జీ చేతిని యంత్రంతో అనుకరించబోయి అక్కడే ఆగిపోయాయి.

1755లో చార్లెస్ వీసెంతాల్ అనే జర్మన్ ఇంగ్లండులో రెండు కొసలా మొన ఉన్న సూదికి పేటెంటు తీసుకున్నాడు. ప్రతి కుట్టుకూ సూదిని వెనక్కు తిప్పే పని తప్పించడం అతని ఉద్దేశం. 1790లో థామస్ సెయింట్ అనే లండన్ వడ్రంగి తోలు కుట్టే యంత్రానికి బొమ్మలు గీసి పేటెంటు పొందాడు. ముందు ఆరె తోలుకు బెజ్జం పెడుతుంది, వెనకనే చీలిక ఉన్న సూది దారాన్ని అందులోకి నెడుతుంది. ఆ కాగితాలు ఇతర పేటెంట్ల మధ్య పడి ఎనభై ఏళ్ళకు పైగా ఎవరి కంటా పడలేదు. 1870లలో న్యూటన్ విల్సన్ అనే మిషన్ల వ్యాపారి వాటిని బయటికి తీసి, ఆ బొమ్మల ప్రకారం యంత్రాన్ని తయారు చేయించాడు. కొన్ని మార్పులు చేస్తే తప్ప అది కుట్టలేదు.

నిజంగా పనికొచ్చిన మొదటి యంత్రం ఫ్రాన్సులో పుట్టింది. దాని మూలం కుట్టుపని కాదు, అల్లికపని. లియోన్ నగరానికి దగ్గర్లో ఉండే బార్తెలెమీ తిమోనియే అనే దర్జీ, ఆ చుట్టుపక్కల స్త్రీలు చట్రానికి బిగించిన గుడ్డ మీద కొక్కెం సూదితో పూలు కుట్టడం చూసేవాడు. మన ఊళ్ళలో జాకెట్ల మీద మగ్గం వర్క్ చేసే ఆరి సూది ఆ జాతిదే. కొక్కెం గుడ్డలోంచి దిగి, కింద దారాన్ని పట్టి, ఉచ్చుగా పైకి లాగుతుంది. తర్వాతి ఉచ్చు ఆ ఉచ్చులోంచే వస్తుంది. సూది అవతలికి పోనక్కర్లేదు కాబట్టి వదిలి అందుకోవడమనే చిక్కే లేదు. తిమోనియే ఆ కదలికను కొయ్య యంత్రంలో పెట్టి 1830లో పేటెంటు తీసుకున్నాడు. ప్యారిస్‌లో ఎనభై యంత్రాలతో సైనికుల దుస్తులు కుట్టే కార్ఖానా వెలిసింది. తమ కూడు పోతుందని భయపడిన దర్జీలు 1831 జనవరిలో మూకగా వచ్చిపడి యంత్రాలను విరగ్గొట్టారు. తిమోనియే ఆ తర్వాత కూడా పట్టు వదలలేదు గాని, 1857లో పేదవాడిగానే పోయాడు. అతని యంత్రంలోనే ఒక లోపం ఉంది. అది వేసేది గొలుసు కుట్టు, దారం చివర తెగితే లాగినకొద్దీ ఊడి వస్తుంది. బియ్యం బస్తా మూతికుట్టును ఒక్క గుంజుతో విప్పినవారికి ఈ సంగతి చెప్పనక్కర్లేదు.

ఊడని కుట్టుకు రెండు దారాలు కావాలి. ఆ ఊహ ముందుగా న్యూయార్కులో వాల్టర్ హంట్‌కు వచ్చింది. 1830ల తొలి సగంలో అతను మొన దగ్గర బెజ్జమున్న సూదిని, కింద అటూ ఇటూ తిరిగే షటిల్‌ను జోడించి యంత్రం చేశాడు. పేటెంటు మాత్రం తీసుకోలేదు. కుట్టుపని చేసుకు బతికే ఆడవాళ్ళ పొట్ట కొట్టినట్టవుతుందని కూతురే అడ్డుచెప్పిందని చెబుతారు. ఇదే హంట్ 1849లో పిన్నీసుకు పేటెంటు తీసుకొని, ఆ హక్కును 400 డాలర్లకు అమ్మేసుకున్నాడు. ఇంటింటా ఉండే రెండు వస్తువులు ఒకే బుర్రలోంచి వచ్చినా, రెండింటి లాభమూ ఇతరులకే పోయింది.

పేటెంటు దక్కింది మసాచుసెట్స్‌కు చెందిన ఇలియాస్ హోవ్‌కు, 1846 సెప్టెంబరు 10న. ఈటెల కొసల్లో బెజ్జాలున్నట్టు కల వచ్చి అతనికి మెలకువతో పాటు సూది రహస్యమూ దొరికిందన్న కథ బాగా ప్రచారంలో ఉంది. హంట్ అప్పటికే ఆ సూదితో కుట్టి చూపించాడు కనుక కలకు అంత అవసరం కనిపించదు. 1845లో బోస్టన్‌లో హోవ్ తన యంత్రంతో అయిదుగురు పనిమంతులైన కుట్టుపనివాళ్ళతో పందెం కట్టి గెలిచాడు. నిమిషానికి 250 కుట్లు పడ్డాయి. అయినా కొనేవాళ్ళు రాలేదు. యంత్రం ఖరీదెక్కువ. పైగా గుడ్డను నిలువుగా ఒక పళ్ళ పట్టీకి తగిలించాలి, పట్టీ ఉన్నంత మేర తిన్నగా కుట్టి, ఆపి, మళ్ళీ తగిలించాలి. చంక భాగంలా వంపు తిరిగినచోట అది కుట్టలేదు.

హోవ్ యంత్రంలో మిగిలినవన్నీ తర్వాత మారాయి. కుట్టు పడే పద్ధతి మాత్రం ఇవాళ్టి మిషన్లలోనూ అదే. సూది పై దారాన్ని తీసుకొని గుడ్డలోంచి దిగుతుంది. అడుగు దాకా పోయి, రెండు మిల్లీమీటర్ల మేర పైకి లేస్తుంది. గుడ్డ రాపిడి వల్ల దారం సూదితో సమానంగా లేవలేక, పక్కకు చిన్న ఉచ్చుగా ఉబ్బుతుంది. సరిగ్గా అప్పుడే షటిల్ ముక్కు వచ్చి ఆ ఉచ్చులో దూరుతుంది, దాన్ని వెడల్పు చేసి, కింది దారం ఉండే బాబిన్ చుట్టూ దాటించి వదిలేస్తుంది. అంటే పై దారం కింది దారాన్ని ఒకసారి చుట్టి వచ్చిందన్నమాట. ఈలోగా మిషను ముఖం మీద కిందికీ పైకీ ఊగే లివరు మిగులు దారాన్ని లాగేసుకుంటుంది, మెలిక గుడ్డ మందంలోకి ఎక్కి బిగుస్తుంది. పై దారం బిగువు వదులైతే ఆ మెలిక జారి, కింద గూడుకట్టినట్టు దారం పేరుకుంటుంది. మరీ బిగిస్తే బాబిన్ దారం పైకి తేలుతుంది. మిషను సూదిని వేళ్ళ మధ్య తిప్పి చూస్తే ఒక పక్క పొడవాటి గాడి, రెండో పక్క బెజ్జం మీద చిన్న పల్లం కనిపిస్తాయి. గాడి దారం ఒదగడానికి, పల్లం షటిల్ ముక్కు సూదికి తగలకుండా దగ్గరగా పోవడానికి. సూదిని తిరగేసి బిగిస్తే మిషను కుట్లు వదిలేయడానికి కారణం ఇదే: ముక్కు ఉన్నవైపు పల్లమూ ఉండదు, ఉచ్చూ ఏర్పడదు.

ఐజాక్ మెరిట్ సింగర్ రంగం మీదికి వచ్చింది 1850లో. నాటకాలాడి, ఊళ్ళు తిరిగి, చివరికి బోస్టన్‌లో ఒక మిషన్ల మరమ్మతు దుకాణం చేరాడు. అక్కడికి వచ్చిన యంత్రాల తప్పులు చూసి సొంత నమూనా చేశాడు. 1851 ఆగస్టు 12న పేటెంటు వచ్చింది. అతను కొత్తగా కనిపెట్టినవి తక్కువే. సూదిని నిలువుగా దింపాడు, గుడ్డను బల్ల మీద పరిచాడు, గుడ్డ ఎగరకుండా అదిమిపట్టే పాదం పెట్టాడు, చేత్తో తిప్పే చక్రానికి బదులు కాలితో తొక్కే పలక చేర్చాడు. ఆ ఆఖరి మార్పుతో కుట్టేవారికి రెండు చేతులూ ఖాళీ అయ్యాయి, గుడ్డను ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. జాకెట్టు మెడ చుట్టూ గుండ్రంగా కుట్టగలగడం ఆ రెండు చేతుల పుణ్యమే.

గుడ్డను జరిపే పళ్ళు మాత్రం సింగర్‌వి కావు, ఆలెన్ విల్సన్‌వి. పాదం కింద రంపపు పళ్ళలాంటి చిన్న ఇనుప ముక్క పైకి లేస్తుంది, గుడ్డను పట్టి ఒక కుట్టు మేర వెనక్కు నెడుతుంది, దిగిపోతుంది, ఖాళీగా మొదటి చోటికి వస్తుంది. 1854లో పేటెంటయిన ఈ నాలుగు కదలికల అమరికను చూస్తే, కుట్టు మిషను కీర్తిలో విల్సన్‌కు దక్కింది మరీ తక్కువనిపిస్తుంది. సన్నటి మల్లుగుడ్డ నుంచి మందపాటి జీన్స్ దాకా ఒకే మిషను కుట్టగలగడంలో ఆ పళ్ళది పెద్ద భాగం.

ఈలోగా హోవ్ ఇంగ్లండు పోయి, అక్కడ కలిసిరాక, చేతిలో డబ్బు లేకుండా తిరిగివచ్చి, తన సూదితో ఇతరులు వ్యాపారం చేస్తున్నారని కోర్టుకెక్కాడు. 1854లో గెలిచాడు. ఒకరి సూది, ఒకరి పళ్ళు, ఒకరి పాదం: ఏ ఒక్కరి పేటెంటుతోనూ మొత్తం మిషను తయారు కాదు. అందరూ అందరి మీదా దావాలు వేస్తూ పోతే లాయర్లు తప్ప ఎవరూ బాగుపడరని తేలాక, 1856లో హోవ్, సింగర్, వీలర్ అండ్ విల్సన్ కంపెనీ, గ్రోవర్ అండ్ బేకర్ కంపెనీ ఒక కూటమి కట్టి పేటెంట్లన్నీ ఉమ్మడి చేసుకున్నారు. అమెరికాలో అమ్ముడైన ప్రతి మిషనుకూ హోవ్‌కు మొదట్లో 5 డాలర్లు ముట్టేవి. కూటమి 1877 దాకా సాగింది.

మిషను ఇళ్ళలోకి రావడానికి ఇంకో అడ్డు మిగిలింది, ధర. వంద డాలర్ల పైచిలుకు అంటే అప్పటి సాధారణ కుటుంబానికి నెలల సంపాదన. సింగర్ భాగస్వామి ఎడ్వర్డ్ క్లార్క్ వృత్తిరీత్యా లాయరు. 1856లో అతను వాయిదాల పద్ధతి మొదలుపెట్టాడు. మొదట కొద్దిగా కట్టి మిషను ఇంటికి తీసుకుపోవచ్చు, మిగతాది నెలనెలా. అలంకరించిన దుకాణాల్లో అమ్మాయిలను కూర్చోబెట్టి కుట్టించి చూపించారు. ఇంజనీరింగ్ పుస్తకాల్లో క్లార్క్ పేరు కనబడకపోవచ్చు గాని, మిషనును గడప దాటించింది ఆ వాయిదాలే. 1863లో ఎబెనెజర్ బట్టరిక్ కొలతల వారీగా కాగితం నమూనాలు అమ్మడం మొదలుపెట్టాక, కత్తిరింపు తెలియని ఇల్లాలు కూడా ధైర్యంగా గుడ్డ మీద కత్తెర పెట్టగలిగింది.

ఇంట్లో దీని ప్రభావం ఎంతో అప్పటి లెక్క ఒకటుంది. మగవాళ్ళ చొక్కా ఒకటి చేత్తో కుట్టడానికి 14 గంటల 26 నిమిషాలు, మిషను మీద 1 గంట 16 నిమిషాలు. లెక్క మిషన్ల కంపెనీ వేసింది కనుక కాస్త తగ్గించి చూసుకున్నా తేడా పెద్దదే. మిగిలిన గంటలన్నీ తీరికగా మారలేదు. గౌన్లకు కుచ్చులు పెరిగాయి, పిల్లలకు ఒకటికి మూడు జతలు వచ్చాయి. కూలికి కుట్టేవాళ్ళ సంగతి వేరు: చొక్కా త్వరగా తయారవుతున్నకొద్దీ చొక్కాకు ఇచ్చే కూలి తగ్గింది, మిషను వాయిదా మాత్రం నెల తిరిగేసరికి కట్టాల్సిందే.

అల్లికల కథ దీనికి తలకిందులు. ఊలు అల్లిక కుట్టుకన్నా రెండున్నర శతాబ్దాల ముందే యంత్రమెక్కింది. 1589లో ఇంగ్లండులో విలియం లీ మేజోళ్ళు అల్లే చట్రం చేశాడు. అల్లికలో ఉచ్చులన్నీ వరసగా సూదుల మీద నిలబడి ఉంటాయి కనుక, ఒక్కో ఉచ్చుకు ఒక్కో కొక్కెం పెడితే వరస మొత్తం ఒక్కసారిగా తయారవుతుంది. క్రోషే అలా లొంగదు. ఒక్క కొక్కెం, ఒక్క ఉచ్చు. తర్వాతి కుట్టు అప్పటిదాకా అల్లినదాంట్లో ఎక్కడైనా దూరవచ్చు, ఎక్కడన్నది చేతికే తెలియాలి. క్రోషే మిషన్ల పేరుతో ఫ్యాక్టరీల్లో ఉన్నవి నిజానికి వేరే రకం అల్లిక చేస్తాయి. 19వ శతాబ్దంలో మిషనరీలు గోదావరి ప్రాంతపు స్త్రీలకు నేర్పిన నరసాపురం లేసు ఇప్పటికీ ఇళ్ళలో, అరుగుల మీద, చేతులతోనే తయారవుతోంది. 1982లో మరియా మీస్ ఆ లేసు స్త్రీల గురించి రాసిన పుస్తకం ఇంటిపని మధ్య రోజూ గంటల తరబడి సాగే ఈ శ్రమ ‘తీరిక వేళల పని’గా ఎలా లెక్కకు వచ్చిందో చూపింది. 2024లో ఈ లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

భారతదేశానికి సింగర్ మిషను 1870ల నుంచి వస్తోంది. పటేల్ అనే పార్సీ ఏజెంటు చేతిలో భారత్, సిలోన్, బర్మాల వ్యాపారం ఉండేది. చీర, పంచె, కండువా కట్టే దేశంలో కుట్టించాల్సింది తక్కువ, కుట్టేదీ మగ దర్జీలే. అందువల్ల ఇక్కడ మిషను ముందు అరుగు మీది దర్జీ దగ్గరికి చేరి, ఇంట్లోకి ఆలస్యంగా వచ్చింది. రవికలు, పరికిణీలు, స్కూలు యూనిఫారాలు పెరిగినకొద్దీ ఇంటి మిషనుకు పని దొరికింది. యంత్రాలను విమర్శించిన గాంధీజీ 1924లో ఒక విద్యార్థితో మాట్లాడుతూ కుట్టు మిషనుకు మినహాయింపు ఇచ్చారు. భార్య పడే కష్టం చూడలేక, ఆమె మీది ప్రేమతో సింగర్ దీన్ని కనిపెట్టాడని ఆయన నమ్మిక. పలువురు స్త్రీలతో సంసారం నడిపి, ఇరవైమందికి పైగా పిల్లల్ని కన్న సింగర్‌కు ఆ వర్ణన అంతగా నప్పదు. భార్య కుట్టుపని చేసి ఇల్లు గడుపుతుంటే చూస్తూ కూర్చుని మిషను చేసినవాడు హోవ్.

1930లలో కలకత్తాలో స్వదేశీ ఉషా మిషను మొదలైంది. లూధియానాలో విడిభాగాల పరిశ్రమ పెరిగింది. సింగర్ కంపెనీవే ఇక్కడ మెరిట్ పేరుతో అమ్ముడయ్యాయి, అది ఐజాక్ సింగర్ పేరులోని మధ్య మాట. స్వయం ఉపాధి పథకాల్లో ప్రభుత్వాలు పంచిపెట్టే వస్తువుల్లో కుట్టు మిషను ఇప్పటికీ ముందుంటుంది. కరెంటు, చోటు, సరుకు నిల్వ ఏదీ లేకపోయినా పొయ్యి మీద పప్పు ఉడికేలోగా నాలుగు కుట్లు వేసుకోగల పని ఇది కావడం అందుకు ఒక కారణం.

1889లోనే సింగర్ కంపెనీ కరెంటు మిషను తెచ్చినా, ఇళ్ళకు కరెంటు వచ్చాకే దానికి గిరాకీ పెరిగింది. సూదిని పక్కలకు ఊపే జిగ్‌జాగ్ వచ్చి కాజాలను, చీర అంచు పీకోను మిషనుకు అప్పగించింది. చీరకు ఫాల్ మాత్రం మంచి పనివాళ్ళు నేటికీ చేత్తోనే వేస్తారు, మిషను కుట్టు పైకి కనబడుతుంది కనుక. 1975లో ఎలక్ట్రానిక్ చిప్ కూడా చేరింది. ఇన్ని చేరినా సూది కొలత కదల్లేదు. 19వ శతాబ్దం చివర్లో వచ్చిన సింగర్ 15 నమూనా సూదే ఇవాళ చాలా ఇంటి మిషన్లకు ప్రమాణం. ఒక పక్క చదునుగా ఉండే సూదుల పొట్లం బజార్లో కొంటే, ఆ నమూనా నల్ల మిషనుకూ సరిపోతుంది, కంప్యూటర్ మిషనుకూ సరిపోతుంది.