కంట కనబడు మందుల జాడ
స్లిట్ ల్యాంప్ అను నేత్రపరీక్షాయంత్రమును 1911లో స్వీడన్ వైద్యుడు ఆల్వార్ గుల్‌స్ట్రాండ్ లోకమునకు చూపెను. (పేరు మన ఆళ్వార్లను తలపించును!) సన్నని వెలుగురేఖను కంటిలోనికి పంపి, వైద్యుడు సూక్ష్మదర్శినిలో పొరపొరను పరిశీలించును.

గుండెలయ తప్పినవారు వాడు అమియోడరోన్ వలన కంటి ముందరి స్వచ్ఛపటలమున సుడిముగ్గువంటి గోధుమగీతలేర్పడును. అవి చూపును చెరచుట అరుదు. భయపడి గుండెమందు మానరాదు. స్టెరాయిడ్లు అట్లు కావు. దీర్ఘకాలము వాడినచో కటకపు వెనుకవైపున శుక్లము పుట్టవచ్చును. కీళ్ళనొప్పులకు నేనును ఏండ్లతరబడి మ్రింగితిని. హారతి వెలుగున స్వామిరూపము చెదరి కనబడువరకు కన్ను చూపించుకొనలేదు. అది నా అజ్ఞానమే. అయినను వైద్యుని అడుగక అవియు హఠాత్తుగా మానరాదు.

తాంబూలపు సున్నము కంటబడినచో పరీక్షకై ఆగక, తక్షణమే నీటిధారతో అరగంట కడుగుచు, రేణువులు తొలగించి, వైద్యశాలకు పోవలెను. అచ్చట ఫ్లోరెసీన్ రంగు వేసి నీలికాంతిలో చూడగా, ఒరసిన చోటు ఆకుపచ్చగా మెరయును.