మత్తడి దుంకంగనే వల కట్టొద్దు

పాకాల చెరువు కాకతీయ గణపతిదేవుని కాలం నాటిది. అక్కడి నుంచి వచ్చే వాగు గూడూరు మండలం మీదుగా పారి, మున్నేరై, చివరకు కృష్ణలో కలుస్తుంది. కృష్ణా, గోదావరి పాయల్లో తొలి వరదకు ఎదురెక్కే చేపల్లో పెద్దది వాలుగ. ఒంటి మీద పొలుసు ఉండదు, నోరు పెద్దది, మీటరుకు పైగా పెరుగుతుంది. ఇంత పెద్ద చేపను కూడా అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2019లో ముప్పున్న జాతిగా లెక్కగట్టింది.

వాలుగ ఎదురెక్కేది గుడ్లు పెట్టడానికే. వానాకాలంలో వరద పారే లోతు తక్కువ నీళ్లలో గుడ్లు వదులుతుంది. సరిగ్గా అప్పుడే మనవాళ్లు మత్తడి కింద, కల్వర్టు మూతికి వల అడ్డం కడతారు. గుడ్లతో ఉన్న ఒక్క చేప కూరలోకి పోతే వేల పిల్లలు పోయినట్టే. వాగు మీద కట్టిన చెక్‌డ్యాము ఎటూ దారి ఆపుతుంది, మిగిలిన దారిని మనం మూస్తున్నాం.

కొర్రమీనుది వేరే కథ. 2016లో తెలంగాణ రాష్ట్ర చేప అయిన ఇది గాలి పీల్చి బురదలోనూ బతకగలదు. గడ్డి సందుల్లో గుడ్లు పెట్టి, పిల్లలకు పెద్ద చేపలే కాపలా ఉంటాయి. నీటి మీద ఎర్రగా ముద్దలా తిరిగే పిల్లలను చూసి అక్కడే గాలం వేసేవారున్నారు. కాపలా చేప పోయిందంటే ఆ ముద్దంతా కొంగలకు, తోటి చేపలకు మేతే.

మిర్చికి, పత్తికి కొట్టే సైపర్‌మెత్రిన్ లాంటి మందులు కొద్దిపాటి నీళ్లలో కలిసినా చేప చస్తుంది. పంపును, డబ్బాలను వాగులో కడగవద్దు. కడిగిన నీళ్లు వాగుకు, బావికి దూరంగా బీడు మీద పోయాలి. ఇక తోటాలు పేల్చడం, నీళ్లలో విషం కలపడం 1897 నాటి చట్టం ప్రకారమే నేరం. నూరేళ్లు దాటినా ఆగలేదు!

ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకాన్ని కేంద్రం 2000లోనే నిషేధించింది. దొంగచాటుగా కుంటల్లో వేసినవి, కట్ట తెగితే వాగులో పడి దొరికిన చేపనల్లా మింగుతాయి. చూపుకు మన మార్పు చేపలాగే ఉంటాయి కాబట్టి పిల్లను తెలిసిన చోటే కొనాలి.

సర్కారు 2016 నుంచి చెరువుల్లో వదులుతూ వచ్చిన ఉచిత పిల్లల్లో ఎక్కువ బొచ్చె, రవ్వులే. ఆదాయానికి అవి మంచివే గానీ, వాలుగను వదిలేవారు లేరు. వానాకాలం మొదటి రెండు నెలలు మత్తడి కింద వల కట్టకుండా మత్స్యకారుల సంఘంతో కూర్చొని ఊరు కట్టుబాటు చేసుకోవచ్చు. పొలంలో కుంట ఉన్న రైతులు ఎండాకాలం నీళ్లన్నీ తోడెయ్యకుండా ఒక మూల మోకాలు లోతు ఉంచితే కొర్రమీను, మార్పు వానల దాకా బతుకుతాయి.