గాలిలో పలుకని తాళపుచెవి

"స్టేషను రేడియోలో పంపిన ఆజ్ఞ నిజముగా స్టేషనుదే యని ఇంజిను ఎట్లు నమ్మును?" అని వికారాబాదు విద్యార్థి యొకడు తరగతిలో అడిగెను. లింగంపల్లి నుండి వికారాబాదు, తాండూరుల మీదుగా వాడి వఱకును, వికారాబాదు నుండి బీదరు వఱకును గల దారులలోనే 2016లో ప్రయాణికుల రైళ్లపై, రేడియో ఆజ్ఞలతో రైళ్లను ఢీకొనకుండ తనంతట తానే ఆపు 'కవచ్' వ్యవస్థకు తొలి పరీక్షలు మొదలైనవి గాన, ఆ ప్రశ్న అచ్చటి బాలునకు తోచుట సహజమే. 2022 మార్చి 4న గుల్లగూడ, చిటిగిద్ద స్టేషన్ల నడుమ ఎదురెదురుగా నడిపిన రెండు ఇంజిన్లు 380 మీటర్ల ఎడమున తమంతట తామే ఆగినవి. అందఱును బ్రేకును మెచ్చుకొనిరి. నా మనస్సు మాత్రము ఆ బ్రేకు వెనుకనున్న నమ్మకముపై నిలిచినది.

పూర్వము ఒంటిదారులపై నీల్ యంత్రమునుండి వెడలిన ఇనుపగుండు డ్రైవరు చేతి కందినగాని బండి కదలరాదు. అవతలి స్టేషను సమ్మతించినగాని ఆ గుండు వెలికిరాదు. చేత పట్టుకొనదగిన ఆ అనుమతి రేడియో తరంగముగా మాఱినపుడు, దొంగ యెవడైనను దానిని అనుకరింప యత్నింపవచ్చును. కావున ఇంజిను స్టేషను పరిధిలోనికి రాగానే తనను ఎఱుకపఱచుకొని, అప్పటికప్పుడు పుట్టించిన యొక సంఖ్యను పంపును. స్టేషను వేఱొక సంఖ్యతో బదులిచ్చును. ఈ రెంటిని ఎవరు విన్నను చింతలేదు. రెండు యంత్రములయందును ముందే దాచియున్న రహస్యపు కీతో ఆ సంఖ్యలను ఏఈఎస్ అను గుప్తలేఖన గణితమున కలిపి, ఆ సంభాషణకు మాత్రమే చెల్లు కొత్త కీని ఇంజిను తనకు తాను, స్టేషను తనకు తాను గణించుకొనును. ఒకదానికొకటి చెప్పుకొనకయే రెండును ఒకే కీని చేరును! ఎంత చక్కని యుక్తి! ఆపై ప్రతి సందేశము చివరను ఆ కీతో కట్టిన ముద్ర యుండును. సందేశమున ఒక్క బిట్టు మాఱినను ముద్ర పొసగదు, పొసగని ఆజ్ఞను ఇంజిను చెవిని బెట్టదు.

అయితే తొలి రహస్యము ఎట్లు చేరినది? నేడు తాండూరున నున్న ఇంజిను రేపు బీదరు దారి పట్టును. పోయిన ప్రతి స్టేషనునకును దాని కీ సరిపడవలెను. మనిషి చేత ఇంజినింజినుకు కీలు పంపుట సాగదు గనుక, కేంద్రమున నొక సర్వరు నిలిచి, సెల్‌ఫోను వల ద్వారా ఇంజిన్లకును స్టేషన్లకును గడువుగల కీలను పంపుచుండును. ఉపగ్రహములు దిద్దిన గడియారము చూచుకొని అన్నియు పాతదానిని విడిచి కొత్తదానిని పట్టును. మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ అను మూడు హైదరాబాదు సంస్థలు పోటీపడి ఈ పరికరములను చేసినను, ఒకరి ఇంజిను మఱియొకరి స్టేషనుతో మాటాడవలసినదే. అందుచేత కీల నియమము అందఱికిని ఒక్కటే.

ఆ తొలి పరీక్షల తరువాతి కవచ్ కథ త్వరగా నడచినది. 2020లో జాతీయ వ్యవస్థగా స్వీకృతి, దక్షిణ మధ్య రైల్వేలో విస్తరణ, 2024లో 4.0 రూపము, ఆపై మథుర–కోట మార్గము. దారులు పెరిగినకొలది ఆ సర్వరు పంచవలసిన కీలును పెరుగుచున్నవి.